ఇంప్లాంట్ పన్ను పదికాలాలు నిలవాలంటే: నిర్ణయం నుంచి నిర్వహణ దాకా సమగ్ర మార్గదర్శి

పన్ను పోయిన చోట ఇంప్లాంట్ పెట్టించుకోవాలని వచ్చేవారు ముందుగా అడిగేది అది ఎన్నేళ్ళు వస్తుందని. కొన్ని క్లినిక్‌లు ‘లైఫ్‌టైమ్ గ్యారంటీ’ అంటూ కార్డు చేతిలో పెట్టి ఆ ప్రశ్నను అక్కడితో ముగించేస్తాయి. ఆ గ్యారంటీ సాధారణంగా వర్తించేది ఎముకలో బిగించే టైటానియం స్క్రూకు, అంటే అసలు ఇంప్లాంట్‌కు మాత్రమే. దాన్ని పట్టుకొని ఉన్న ఎముకకు ఏ కంపెనీ గ్యారంటీ ఇవ్వదు, ఇవ్వలేదు. టైటానియం పుచ్చిపోదు, నోటిలో తుప్పు పట్టి రాలిపోదు. తరిగిపోయేది ఎముక, వాచేది చిగురు, వదులయ్యేది క్యాప్‌ను ఇంప్లాంట్‌కు బిగించే లోపలి చిన్న స్క్రూ, పగిలేది పైన పన్నులా కనిపించే క్యాప్. కాబట్టి ఇంప్లాంట్ ఎన్నేళ్ళు వస్తుందన్న ప్రశ్నను, దాని చుట్టూ ఉన్న ఎముకను ఎన్నేళ్ళు కాపాడుకోగలమన్న ప్రశ్నగా మార్చుకుంటే, పెట్టించుకోకముందు నుంచి పెట్టించుకున్న చాలా ఏళ్ళ తర్వాత దాకా ఏం చేయాలో చాలావరకు దానంతట అదే తేలుతుంది.

స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ 1952లో కుందేలు కాలి ఎముకలో రక్తప్రసారాన్ని పరిశీలించేందుకు టైటానియం పరికరాన్ని అమర్చి, ప్రయోగం ముగిశాక దాన్ని బయటికి తీయబోతే అది ఎముకతో విడదీయలేనంతగా కలిసిపోయి కనిపించింది. టైటానియం ఉపరితలం మీద క్షణాల్లో ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొరను శరీరం పరాయి వస్తువుగా తోసివేయకపోవడం వల్ల, ఎముక కణాలు దానికి ఆనుకొనే పెరుగుతాయి. 1965లో గోథెన్‌బర్గ్‌లో గోస్తా లార్సన్ అనే వ్యక్తి కింది దవడలో బ్రోనెమార్క్ తొలి ఇంప్లాంట్లను అమర్చారు. లార్సన్ 2006లో మరణించేదాకా, అంటే నలభై ఏళ్ళు దాటి, అవి పని చేశాయి. ఇంప్లాంట్ దీర్ఘకాలం నిలవగలదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే అందరి నోటిలోనూ అలా నిలవదు కాబట్టే మిగతా విషయమంతా చెప్పుకోవలసి వస్తోంది.

ముందుగా తెలుసుకోవలసింది: ఊడకపోవడం వేరు, బాగుండటం వేరు

ఇంప్లాంట్ల విజయం గురించి చెప్పే అంకెల్లో రెండు రకాల లెక్కలు కలగలిసిపోతుంటాయి. పదేళ్ళ తర్వాత నోటిలో ఇంకా ఉన్న ఇంప్లాంట్లు నూటికి 95 దరిదాపుల్లో ఉంటాయని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇది ఊడిపోకుండా ఉన్నవాటి లెక్క మాత్రమే. చుట్టూ చీము పట్టి, సగం ఎముక కరిగిపోయినా ఊడిపోని ఇంప్లాంట్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఇంప్లాంట్ నిజంగా బాగుందా అన్నదానికి స్వీడన్ పరిశోధకుడు ఆల్‌బ్రెక్ట్‌సన్, ఆయన సహచరులు 1986లో కొన్ని గీటురాళ్ళు పెట్టారు. కదపబోతే ఇంప్లాంట్ ఏమాత్రం కదలకూడదు, ఎక్స్‌రేలో దాని చుట్టూ నల్లటి గీత కనిపించకూడదు, నొప్పి గానీ ఇన్ఫెక్షన్ గానీ తిమ్మిరి గానీ ఉండకూడదు, మొదటి ఏడాది గడిచాక ఎముక ఏటా 0.2 మిల్లీమీటర్ల కన్నా తక్కువే తగ్గాలి. తర్వాతి కాలంలో వేర్వేరు నిపుణులు వీటిని సవరించినా మూలసూత్రం మారలేదు.

మరోవైపు, 2015లో వెలువడిన ఒక సమీక్షలో ఇంప్లాంట్లు ఉన్నవారిలో సగటున 43 శాతం మందికి చుట్టూ చిగురువాపు, 22 శాతం మందికి ఎముక కరిగే దశకు చేరిన ఇన్ఫెక్షన్ ఉన్నట్టు అంచనా వేశారు. 95 అన్న అంకెను, 22 అన్న అంకెను పక్కపక్కన పెట్టుకొని చూసినవారే ఈ చికిత్సను సరిగ్గా అర్థం చేసుకున్నట్టు.

మొదటి అడుగు: అసలు పన్ను ఎందుకు పోయిందో తేల్చుకోండి

దెబ్బ తగిలి పన్ను విరిగినవారికీ, చిగుళ్ళ జబ్బుతో పళ్ళు ఒక్కొక్కటిగా కదిలి ఊడినవారికీ ఒకే ఇంప్లాంట్ పెట్టినా భవిష్యత్తు ఒకటి కాదు. చిగుళ్ళ జబ్బును కలిగించే బాక్టీరియా మిగిలిన పళ్ళ చుట్టూ ఉన్న సందుల్లో నివాసం ఉంటూ, కొత్తగా వచ్చిన ఇంప్లాంట్ చుట్టూ కొద్ది వారాల్లోనే చేరుకుంటుంది. అందువల్ల చిగుళ్ళ నుంచి రక్తం కారే నోటిలో ముందుగా స్కేలింగ్, అవసరమైతే చిగుళ్ళ లోతుల్లో శుభ్రం చేసే చికిత్స, కాపాడలేని పళ్ళ తొలగింపు పూర్తిచేసి, కొన్ని వారాల తర్వాత మళ్ళీ కొలతలు తీసి, జబ్బు అదుపులోకి వచ్చిందని తేలాకే ఇంప్లాంట్ గురించి మాట్లాడాలి. మొదటి రోజు చూసి మర్నాడే ఇంప్లాంట్ పెడతామన్న చోట ఈ దశను దాటేశారా అని నిర్మొహమాటంగా అడగవచ్చు.

సహజమైన పంటికి, ఎముకకు మధ్య సన్నని నారపొర ఉంటుంది. ఆ నారలు వేరు ఉపరితలంలోకి అడ్డంగా నాటుకొని ఉండి, చిగురు లోతుల్లోకి ఇన్ఫెక్షన్ దిగకుండా ఒక ఆనకట్ట మాదిరిగా నిలుస్తాయి. ఇంప్లాంట్‌కు ఆ పొర ఉండదు. చిగురులోని నారలు దానికి సమాంతరంగా ఆనుకొని ఉంటాయే తప్ప నాటుకోవు, రక్తప్రసారం కూడా తక్కువ. పంటి చుట్టూ ఏళ్ళ తరబడి సాగే నష్టం ఇంప్లాంట్ చుట్టూ తక్కువ కాలంలో, అదీ నొప్పి తెలియకుండా జరిగిపోవడానికి కారణం ఇదే.

పొగాకు విషయంలో మెత్తగా చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. పొగ తాగేవారిలో ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం తాగనివారితో పోలిస్తే ఇంచుమించు రెట్టింపని ఎన్నో సమీక్షలు తేల్చాయి. నికోటిన్ రక్తనాళాలను కుదించడం వల్ల గాయం ఆలస్యంగా మానుతుంది, పైగా చిగురులో వాపు ఉన్నా రక్తం కారకపోవడంతో జబ్బు బయటపడదు. శస్త్రచికిత్సకు కనీసం వారం ముందు నుంచి, ఆ తర్వాత కనీసం ఎనిమిది వారాలు పూర్తిగా మానాలన్నది చాలాకాలంగా ఉన్న సూచన; ఏళ్ళ తరబడి ఎముక నిలవాలంటే శాశ్వతంగా మానడమే దారి. మన ప్రాంతంలో సిగరెట్టుతో పాటు చుట్ట, ఖైనీ, గుట్కా కూడా లెక్కలోకి వస్తాయి. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో కొందరు పెద్దవయసు మహిళలు చుట్ట నిప్పు ఉన్న కొనను నోటి లోపల ఉంచి కాల్చే అడ్డపొగ అలవాటు ఉన్నవారిలో, ఇంప్లాంట్ మాట అటుంచి, అంగిలి మీద మచ్చలేమైనా ఉన్నాయేమో ముందుగా పరీక్షించాలి. వక్కపొడి, గుట్కా ఎక్కువకాలం నమిలినవారికి బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోతే, దవడ పళ్ళ దగ్గర డ్రిల్ పట్టే చోటే ఉండదు. ఒకవేళ ఇంప్లాంట్ పెట్టినా అక్కడికి బ్రష్ చేరదు.

షుగర్ ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ పనికిరాదనుకోవడం పొరపాటు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7 శాతం లోపు గానీ దాని దగ్గర్లో గానీ నిలకడగా ఉన్నవారికి ఫలితాలు షుగర్ లేనివారితో దాదాపు సమానంగానే ఉంటాయి. అదుపు తప్పిన షుగర్‌లో గాయం మానదు, ఇన్ఫెక్షన్ తొందరగా పట్టుకుంటుంది. ఇక్కడ తరచూ జరిగే పొరపాటొకటి ఉంది: ఆపరేషన్ రోజున వేలికి గుచ్చి చూసిన అంకె బాగుందని ముందుకు వెళ్ళడం. ఆ అంకె ఆ పూట సంగతి చెబుతుంది. మూడు నెలల సగటు చెప్పేది హెచ్‌బీఏ1సీ మాత్రమే. పైగా ఇంప్లాంట్ పెట్టిన తర్వాత పదేళ్ళకు షుగర్ అదుపు తప్పినా నష్టం అంతే.

వాడుతున్న మందులన్నిటినీ, సూది మందులతో సహా, కాగితం మీద రాసి తీసుకెళ్ళాలి. ఎముకలు గుల్లబారకుండా వాడే అలెండ్రోనేట్ మాత్రలు, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ సూది దవడ ఎముక మానే తీరును మారుస్తాయి. క్యాన్సర్ చికిత్సలో భాగంగా వీటిని పెద్ద మోతాదులో తీసుకుంటున్నవారికి దవడ ఎముక కుళ్ళే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఇంప్లాంట్ ఆలోచనే మానుకోవడం మంచిది. ఏడాదికోసారి వేయించుకునే సూదిని చాలామంది మందుగా లెక్కపెట్టక చెప్పడం మరిచిపోతారు. తల, మెడ భాగాల్లో రేడియేషన్ తీసుకున్నవారు ఆ మోతాదు వివరాలు ఉన్న డిశ్చార్జ్ సమ్మరీ చూపించాలి. రక్తం పలుచబడే మాత్రలను సొంతంగా ఆపకూడదు. ఆపాలా వద్దా అన్నది గుండె వైద్యుడు, దంతవైద్యుడు కలిసి చెప్పాలి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు రోజూ వాడేవారిలో వైఫల్యాలు కొంత ఎక్కువగా కనిపించాయని పరిశీలనలు ఉన్నాయి; కారణం ఆ మాత్రేనని రుజువు కాకపోయినా, మన ఇళ్ళలో వాటిని అవసరం తీరాక కూడా ఏళ్ళ తరబడి మింగుతుంటారు కాబట్టి ఇంకా అవసరమా అని వైద్యుణ్ణి అడగడానికి ఇది మంచి సందర్భం.

వయసు గురించి ఒక్క మాట. ఎనభై ఏళ్ళవారికి వయసు అడ్డం కాదు, చేతితో శుభ్రం చేసుకోగలరా అన్నదే ప్రశ్న. ఎదిగే పిల్లలకు మాత్రం ఇంప్లాంట్ పెట్టకూడదు, ఎందుకంటే చుట్టూ ఉన్న పళ్ళు దవడతో పాటు కిందికి దిగుతుంటే ఇంప్లాంట్ ఉన్నచోటే ఉండిపోయి పొట్టిదిగా కనిపిస్తుంది.

రెండో అడుగు: ఎముకను కొలిపించుకొని, ఎక్కడ ఎంత పెట్టాలో నిర్ణయించుకోండి

పన్ను తీసిన ఏడాదిలో ఆ చోట ఎముక వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. అందువల్ల పన్ను తీయించుకునే రోజే భవిష్యత్తు గురించి అడగడం మేలు. మిగిలిన ఎముక ఎత్తు, వెడల్పు, నరం దారి, పై దవడకు పైనున్న సైనస్ అనే గాలి గది అడుగు ఎక్కడున్నాయో సీబీసీటీ స్కాన్‌లో మూడు వైపుల నుంచీ తెలుస్తుంది. దవడ మొత్తాన్ని ఒకే ఫిల్మ్‌లో చూపే మామూలు ఓపీజీ ఎక్స్‌రేలో వెడల్పు కనబడదు.

ప్లాన్ చూపిస్తున్నప్పుడు అడగవలసిన అంకెలు నాలుగు. పక్క పన్నుకు, ఇంప్లాంట్‌కు మధ్య కనీసం 1.5 మిల్లీమీటర్లు, రెండు ఇంప్లాంట్ల మధ్య 3 మిల్లీమీటర్లు, కింది దవడ నరానికి పైన 2 మిల్లీమీటర్లు, పెదవి లేక బుగ్గ వైపు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఎముక ఉండేలా చూడాలి. చివరిది చాలాసార్లు దొరకదు. దొరకనప్పుడు ఎముక పొడి వేసి గోడను మందం చేయాలా, సన్నటి ఇంప్లాంట్ సరిపోతుందా అన్న చర్చ జరగాలి. బుగ్గ వైపు గోడ పలుచగా ఉండి పెట్టేసిన ఇంప్లాంట్ మొదటి రెండేళ్ళు చక్కగానే కనిపించి, ఆ తర్వాత చిగురు వెనక్కి జారి బూడిద రంగు లోహం బయటపడుతుంది. అక్కడ గట్టి గులాబీ రంగు చిగురు పట్టీ కనీసం 2 మిల్లీమీటర్లు ఉందా అన్నది కూడా చూడాలి. లేనిచోట బ్రష్ తగిలితే మంట పుట్టి రోగి ఆ చోటునే వదిలేసి తోముకుంటాడు. అంగిలి నుంచి తీసిన చిగురును అక్కడ అతికించే చిన్న శస్త్రచికిత్సతో దీన్ని సరిదిద్దవచ్చు.

పై దవడ వెనుక భాగంలో ఎముక మెత్తగా, గుల్లగా ఉంటుంది. కింది దవడ ముందు భాగంలో గట్టిగా ఉంటుంది. అందుకే ఒకే నోటిలో ఒక ఇంప్లాంట్ ఆరువారాల్లో సిద్ధమైతే ఇంకొకటి ఆరు నెలలు ఆగమంటుంది.

బ్రాండ్ సంగతి. ఖరీదైన కంపెనీలు చూపించే దీర్ఘకాలిక పరిశోధనలకు విలువ ఉంది, విడిభాగాలు పదిహేనేళ్ళ తర్వాత కూడా దొరుకుతాయన్న భరోసాకు అంతకన్నా విలువ ఉంది. అయితే నా అభిప్రాయంలో రోగులు బ్రాండ్ మీద వెచ్చించే ఆలోచనలో సగమైనా క్యాప్ ఆకారం మీద, శుభ్రం చేసుకునే వీలు మీద పెడితే ఎముక ఎక్కువకాలం నిలుస్తుంది.

మూడో అడుగు: శస్త్రచికిత్స, ఆ తర్వాతి మూడు నెలలు

డ్రిల్ రాపిడికి ఎముక 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్క నిమిషం ఉన్నా ఆ కణాలు చనిపోవడం మొదలవుతుందని 1983లోనే చూపించారు. పదునైన డ్రిల్, ధారగా చల్లటి సెలైన్, ఆగి ఆగి నొక్కే చేయి అందుకే అవసరం. శస్త్రచికిత్సకు గంట ముందు ఒకే విడతగా 2 గ్రాముల అమాక్సిసిలిన్ (పెనిసిలిన్ కోవకు చెందిన యాంటీబయాటిక్) ఇవ్వడం తొలి వైఫల్యాలను తగ్గిస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయి. పెనిసిలిన్ పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.

‘ఒక్క రోజులో పళ్ళు’, ‘మూడు రోజుల్లో పళ్ళు’ అన్న హోర్డింగులు మన నగరాల్లో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. వెంటనే పన్ను బిగించడం అశాస్త్రీయం కాదు, కానీ షరతులున్నాయి. ఇంప్లాంట్ బిగించేటప్పుడు 35 న్యూటన్ సెంటీమీటర్ల దరిదాపుల్లో బిగువు రావాలి, పెట్టే తాత్కాలిక పన్ను ఎదుటి పంటికి తగలకుండా ఉండాలి, రోగి వారాల తరబడి మెత్తటి ఆహారానికే పరిమితం కావాలి. మొదట్లో ఇంప్లాంట్‌ను పట్టి ఉంచేది పాత ఎముక బిగువే. అది క్రమంగా కరిగి కొత్త ఎముక ఏర్పడే మధ్యలో, అంటే రెండు నుంచి నాలుగు వారాల మధ్య, ఇంప్లాంట్ అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. నొప్పి, వాపు అన్నీ తగ్గి రోగి ధైర్యంగా జంతికలు కొరికే రోజులు కూడా సరిగ్గా అవే. ఈ దశలో కలిగే సూక్ష్మమైన కదలిక వల్ల ఎముక బదులు మెత్తటి కండ పెరిగి ఇంప్లాంట్ అతుక్కోకుండా పోతుంది. అతుక్కోని ఇంప్లాంట్ సాధారణంగా క్యాప్ వేయకముందే బయటపడుతుంది కాబట్టి, తొందరపడకుండా ఆగడం వల్ల నష్టమేమీ లేదు.

నాలుగో అడుగు: క్యాప్ విషయంలో పట్టుబట్టండి

ఇంప్లాంట్ భవితవ్యాన్ని శస్త్రచికిత్స కన్నా క్యాప్ ఎక్కువగా నిర్ణయిస్తుందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. ఇంప్లాంట్ వ్యాసం నాలుగు మిల్లీమీటర్లు, దాని మీద కూర్చునే దవడ పన్ను వెడల్పు పది మిల్లీమీటర్లు. ఆ తేడాను చిగురు దగ్గర ఒక్కసారిగా విప్పారేలా గొడుగు ఆకారంలో తీరిస్తే, కింద ఏర్పడే చూరులోకి ఏ బ్రష్షూ చేరదు. నిదానంగా విప్పారేలా చేస్తే చేరుతుంది. క్యాప్ బిగించే రోజే, కుర్చీలో ఉండగానే, అద్దం చేతికి తీసుకొని పళ్ళ సందు బ్రష్ రెండు వైపుల నుంచీ దూరుతుందో లేదో వైద్యుని ముందే చూసుకోవాలి. దూరకపోతే క్యాప్‌ను వెనక్కి పంపి ఆకారం సరిచేయించమని అడగడం రోగి హక్కు. రెండు మూడు ఇంప్లాంట్లను కలిపి వేసిన బ్రిడ్జ్‌కు ఇది మరీ ముఖ్యం.

క్యాప్‌ను సిమెంట్‌తో అతికించవచ్చు లేదా స్క్రూతో బిగించవచ్చు. సిమెంట్ వాడినప్పుడు అంచుల నుంచి పొంగిన పదార్థం చిగురు కింద మిగిలిపోతే, ఎక్స్‌రేలో కూడా సరిగ్గా కనిపించని ఆ ముక్క చుట్టూ బాక్టీరియా చేరి, కొన్నిసార్లు నెలల్లోనూ కొన్నిసార్లు ఏళ్ళ తర్వాతా ఎముకను తినేస్తుంది. స్క్రూతో బిగించినదానికి పైన చిన్న రంధ్రం మూసిన గుర్తు కనిపిస్తుంది, అందానికి అది కొంత లోపమే; కానీ ఏ ఇబ్బంది వచ్చినా క్యాప్‌ను పగలగొట్టకుండా విప్పి, కడిగి, మళ్ళీ బిగించవచ్చు. వీలున్నంతవరకు స్క్రూనే ఎంచుకోవాలన్నది నా సలహా. ఆ స్క్రూను చేతి అంచనాతో కాక, కంపెనీ చెప్పిన బిగువుకు, ఆ బిగువును కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో బిగించి, సుమారు పది నిమిషాల తర్వాత మరోసారి బిగిస్తే వదులయ్యే అవకాశం తగ్గుతుంది.

సహజమైన పన్ను నమిలేటప్పుడు నారపొర వల్ల లోపలికి కొద్దిగా కుంగుతుంది, ఇంప్లాంట్ కుంగదు. కాబట్టి గట్టిగా కరిచినప్పుడు అన్ని పళ్ళతో పాటు తగిలేలా, మామూలుగా కరిచినప్పుడు ముందుగా తగలకుండా క్యాప్ ఎత్తును సరిచేయాలి. నారపొర లేకపోవడంతో ఒత్తిడి తెలిసే స్పర్శ కూడా తగ్గుతుంది. నాటుకోడి ఎముకనో చెరకు కణుపునో ఎంత బలంగా కొరుకుతున్నామో తెలియక క్యాప్ మీది పింగాణీ పొర రాలగొట్టుకునేవారు కనిపిస్తుంటారు. నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉన్నవారు రాత్రిపూట పెట్టుకునే గార్డ్ చేయించుకోవాలి. అలవాటు తమకు లేదని చెప్పేవారు ఇంట్లోవారిని అడిగి చెప్పడం మంచిది.

ఐదో అడుగు: ఇంట్లో రోజూ చేయవలసిన పని

మెత్తటి బ్రష్‌తో రోజుకు రెండుసార్లు తోముకోవడం అందరికీ తెలిసిందే. ఇంప్లాంట్‌కు అది చాలదు, ఎందుకంటే పాచి చేరే అసలు చోటు క్యాప్ పక్క గోడల అడుగున, చిగురు అంచున ఉంటుంది. అక్కడికి పళ్ళ సందు బ్రష్ కావాలి. సన్నటి తీగ చుట్టూ కుచ్చు ఉండే ఈ బ్రష్‌లు వేర్వేరు సైజుల్లో వస్తాయి. తీగ సందుకు రాసుకోకుండా, కుచ్చు మాత్రం కొద్దిగా ఒరుసుకుంటూ వెళ్ళేదే సరైన సైజు. తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నది కొనాలి, లేకపోతే లోహం లోహానికి గీసుకుంటుంది. బుగ్గ వైపు నుంచి చిగురుకు సమాంతరంగా దూర్చి, బయటికి తీసేముందు ఒకసారి క్యాప్ గోడకు ఆనించి, మరోసారి పక్క పంటికి ఆనించి, నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కీ ఆడించాలి. ఆ తర్వాత లోపలి వైపు నుంచి కూడా అదే చేయాలి, ఎందుకంటే బుగ్గ వైపు నుంచి దూర్చిన కుచ్చు నాలుక వైపు మూలను సగమే తాకుతుంది. తీసిన బ్రష్‌ను కడిగేముందు తెల్లటి కాగితం మీద ఒత్తి చూస్తే రక్తపు చార ఉందో లేదో తెలుస్తుంది. మొదటి వారంలో కనిపించి తగ్గిపోతే భయం లేదు; రెండు వారాలు క్రమంగా శుభ్రం చేసినా అదే చోట కనిపిస్తుంటే వైద్యుణ్ణి కలవాలి.

వెనుక చివరి పన్ను ఇంప్లాంట్ అయితే దాని వెనుక గోడకు ఒకే కుచ్చు ఉండే చిన్న బ్రష్ వాడాలి. కలిపి వేసిన బ్రిడ్జ్ కింద ఒక కొస గట్టిగా, మధ్యలో స్పాంజిలా ఉండే ఫ్లాస్ దూర్చి లాగవచ్చు. నీటిధార పరికరం చేతులు వణికేవారికి మంచి సాయం, అయితే అతుక్కున్న పాచిని రాచి తీసే పనిని అది పూర్తిగా చేయలేదు. వేప పుల్ల ముందు పళ్ళ బయటి వైపుకే పరిమితం. బొగ్గుపొడి, కచ్చిక, ఉప్పు, ఇటుకపొడి వంటివి చిగురును కోసి, క్యాప్ మెరుపును పోగొట్టి, పాచి మరింత అతుక్కునే గరుకుదనం తెస్తాయి. వాటిని పూర్తిగా మానాలి. భోజనం తర్వాత పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో గుచ్చుకోవడం ఇంప్లాంట్ దగ్గర ఇంకా ప్రమాదం. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను వైద్యుడు చెప్పిన రోజులకే వాడాలి, ఎక్కువకాలం వాడితే పళ్ళ మీద గోధుమ రంగు మరకలు పడతాయి.

ఆరో అడుగు: ఏటేటా కొలతలు తీయించి దాచుకోండి

క్యాప్ బిగించిన రోజున తీసిన ఎక్స్‌రే, ఆ తర్వాత చిగురు నయమయ్యాక తీసిన లోతు కొలతలు అన్నిటికన్నా విలువైన పత్రాలు. ఇవి లేకపోతే అయిదేళ్ళ తర్వాత కనిపించే ఎముక మట్టం మొదటి నుంచీ అంతేనా, తగ్గి అక్కడికి వచ్చిందా అన్నది ఎవరూ చెప్పలేరు. మొదటి ఏడాది చివర మరో ఎక్స్‌రే, ఆ తర్వాత వైద్యుని అంచనాను బట్టి తీయించుకోవాలి. పరీక్షకు మాత్రం చిగుళ్ళ జబ్బు చరిత్ర, షుగర్, పొగాకు ఉన్నవారు మూడు నాలుగు నెలలకోసారి, మిగతావారు ఆరు నెలలకోసారి వెళ్ళడం మంచిది.

ఎక్స్‌రే చూడటం రోగి కూడా నేర్చుకోవచ్చు. ఫిల్మ్‌లో ఇంప్లాంట్ తెల్లటి స్క్రూగా కనిపిస్తుంది. దాని మరచుట్లు రెండు పక్కలా విడివిడిగా, పదునుగా కనిపిస్తే ఫిల్మ్ సరైన కోణంలో తీసినట్టు; ఒక పక్క చుట్లు అలుక్కుపోయి కనిపిస్తే కోణం తప్పింది, ఆ ఫిల్మ్‌తో ఎముక ఎత్తును నిర్ణయించకూడదు. ఎముక అంచు ఎన్నో చుట్టు దగ్గర ఇంప్లాంట్‌కు తగులుతోందో లెక్కపెట్టాలి. రెండు చుట్ల మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లు ఉన్న ఇంప్లాంట్‌లో, క్యాప్ బిగించిన రోజున మొదటి చుట్టు దగ్గరున్న ఎముక మూడేళ్ళకు మూడో చుట్టు దగ్గరికి దిగితే 1.6 మిల్లీమీటర్లు పోయినట్టు. మొదటి ఏడాదిలో ఎముక సర్దుకోవడం వల్ల 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల దాకా తగ్గడం సహజమని భావిస్తారు. అది 2 మిల్లీమీటర్లకు చేరినా, ఆ తర్వాత ఏటా తగ్గుతూ పోయినా కారణం వెతకాలి.

వైద్యుడు సన్నటి కొలబద్దను చిగురు సందులోకి తేలిగ్గా దించి చూసేటప్పుడు లోతు ఎంత అన్నదానికన్నా, గత ఏడాదితో పోలిస్తే పెరిగిందా, రక్తం లేక చీము వచ్చిందా అన్నదే ముఖ్యం. కొలబద్ద గుచ్చితే ఇంప్లాంట్ పాడవుతుందన్న భయంతో కొలవకుండా వదిలేసే పద్ధతి ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది, దానికి ఆధారం లేదు. పాత కొలతలే లేనివారిలో రక్తస్రావంతో పాటు 6 మిల్లీమీటర్లు లేక అంతకు మించిన లోతు, 3 మిల్లీమీటర్లు లేక అంతకు మించిన ఎముక నష్టం కనిపిస్తే జబ్బుగా పరిగణించాలని 2017 నాటి అంతర్జాతీయ నిపుణుల సదస్సు సూచించింది.

పత్రాల్లో ఇంకొకటి చేర్చాలి. ప్రతి ఇంప్లాంట్ డబ్బాలో కంపెనీ, మోడల్, వ్యాసం, పొడవు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. దాని ప్రతిని అడిగి తీసుకొని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవాలి. కంపెనీని బట్టి స్క్రూడ్రైవర్, స్క్రూ, విడిభాగాలు మారిపోతాయి. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సెలవులకు వచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంప్లాంట్ పెట్టించుకొని వెళ్ళే తెలుగువారికి ఇది మరీ అవసరం. అక్కడి వైద్యుడికి ఏ కంపెనీదో తెలియకపోతే వదులైన స్క్రూను బిగించే చిన్న పని కూడా పెద్ద చిక్కవుతుంది. మూడు వారాల సెలవులో ఇంప్లాంట్, క్యాప్ రెండూ పూర్తి చేయించుకోవాలని పట్టుబట్టేకంటే, ఒక రాకలో ఇంప్లాంట్, మరో రాకలో క్యాప్ అనుకుంటే మేలు.

ఏడో అడుగు: తేడా కనిపించినప్పుడు

క్యాప్ కదిలితే ఇంప్లాంట్ పోయిందని కంగారు పడనక్కర్లేదు. ఎక్కువసార్లు కదిలేది లోపలి స్క్రూ. కానీ వదులైన స్క్రూతో నములుతూ పోతే అది విరిగి లోపల ఇరుక్కుంటుంది, అప్పుడు పని కష్టమవుతుంది. ఆ వైపు నమలడం ఆపి రెండు మూడు రోజుల్లోనే వైద్యుణ్ణి కలవాలి. బిగించినా మళ్ళీ మళ్ళీ వదులవుతుంటే క్యాప్ ఎత్తు, పళ్ళు కొరికే అలవాటు చూడాలి.

చిగురు ఎర్రబడి, తాకితే రక్తం కారుతూ, ఎముక మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే అది తొలిదశ వాపు. పాచిని, గారను పూర్తిగా తొలగించి ఇంటి శుభ్రతను సరిచేస్తే అది పూర్వస్థితికి వస్తుంది, అయితే వారం పది రోజుల్లో కాదు, వారాలు పడుతుంది. క్యాప్ ఆకారం వల్లనే బ్రష్ చేరడం లేదని తేలితే క్యాప్‌ను మార్చకుండా ఎన్నిసార్లు క్లీనింగ్ చేయించినా వాపు తిరిగివస్తుంది. ఎముక తగ్గడం మొదలయ్యాక మాత్రం పోయిన ఎముకను పూర్తిగా వెనక్కి తెస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరు. ముందు శస్త్రచికిత్స లేకుండా శుభ్రం చేసి, ఒకటి రెండు నెలల తర్వాత మళ్ళీ కొలిచి, లోతు తగ్గకపోతే చిగురును తెరిచి ఇంప్లాంట్ ఉపరితలాన్ని శుభ్రం చేస్తారు. ఎముక గోడల మధ్య గుంటలా నష్టం జరిగిన చోట ఎముక పొడి వేయవచ్చు. గోడలు లేకుండా సమంగా తరిగిపోయిన చోట అది నిలవదు. యాంటీబయాటిక్ మాత్రలతోనే దీన్ని నయం చేయాలని చూడటం కాలయాపన, ఎందుకంటే గరుకైన మరచుట్ల మీద పొరలా అతుక్కున్న బాక్టీరియాను మాత్ర తొలగించలేదు.

ఇంప్లాంట్ తానే కదులుతుంటే ఇక చికిత్స లేదు, తీసేయాలి. ఎంత ఆలస్యం చేస్తే అంత ఎముక పోతుంది. తీసిన చోట రెండు మూడు నెలలు మాననిచ్చి, స్కాన్ తీసి, మొదటిది ఎందుకు పోయిందో తేల్చుకున్నాకే రెండోదాని గురించి ఆలోచించాలి. అదే చోట రెండోసారి పెట్టిన ఇంప్లాంట్ల ఫలితాలు మొదటిసారి కన్నా తక్కువే. పొగాకు మానకపోయినా, షుగర్ అదుపులోకి రాకపోయినా, పక్క పళ్ళు గట్టిగా ఉంటే బ్రిడ్జ్ గానీ, తీసి పెట్టుకునే కట్టుడు పన్ను గానీ ఎంచుకోవడమే వివేకం. ఆ మాట చెప్పి ఇంప్లాంట్ వద్దన్న వైద్యుణ్ణి నమ్మండి; అంతగా సందేహముంటే అదే ఎక్స్‌రే తీసుకొని మరో క్లినిక్‌కు వెళ్ళి రెండో అభిప్రాయం అడగండి.